వాగు ఎండిందా లేదా: కన్సర్వేషన్ కమిషన్ సభ్యుడిగా నా అనుభవం

మసాచుసెట్స్ రాష్ట్రంలో, కాంకర్డ్ నదిలోకి నీరు చేరే ఒక చిన్న టౌన్‌లో మేము చాలా ఏళ్లుగా ఉంటున్నాం. 2022 సెప్టెంబరులో మా టౌన్ కన్సర్వేషన్ కమిషన్‌లో (చిత్తడి నేలలు, వాగుల దగ్గర చేసే పనులకు అనుమతి తేల్చే స్థానిక బోర్డు) ఒక స్థానం ఖాళీ అయిందన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. అందుకు గొప్ప ఆశయం ఏదీ కారణం కాదు. అంతకు రెండేళ్ల ముందు పెరట్లో సామాన్ల కోసం ఒక చిన్న షెడ్డు వేసుకుందామనుకుంటే, కంచె వెనుక చిత్తడి నేల ఉన్న కారణంగా అదే కమిషన్ నా కాగితాలను రెండుసార్లు వెనక్కి పంపింది. ఆ బల్లకు అవతల కూర్చున్నవాళ్లు ఏం చూసి ఏం తేలుస్తారో తెలుసుకోవాలన్న పట్టుదల, కొంత కోపం కూడా, నా చేత ఆ దరఖాస్తు పెట్టించాయి.

ఈ కమిషన్లకు అధికారం ఇచ్చింది 1957లో వచ్చిన రాష్ట్ర చట్టం. నేడు రాష్ట్రంలోని 351 నగరాలు, టౌన్లు అన్నింటిలోనూ ఇవి ఉన్నాయి. సభ్యులు ముగ్గురికి తక్కువ కాకుండా, ఏడుగురికి మించకుండా ఉంటారు, పదవీకాలం మూడేళ్లు, జీతభత్యాలు ఉండవు. మా దగ్గర ఏడుగురం. టౌన్ పాలన చూసే సెలక్ట్ బోర్డు నన్ను పిలిచి పది నిమిషాలు మాట్లాడింది. వాళ్లు అడిగిన వాటిలో నాకు గుర్తున్న ప్రశ్న ఒక్కటే: ‘మీకు బాగా తెలిసిన మనిషికి వ్యతిరేకంగా ఓటు వేయవలసి వస్తే వేయగలరా?’ వేయగలనని తడుముకోకుండా చెప్పాను. ఆ జవాబు ఎంత తేలిగ్గా నోటికి వచ్చిందో తలుచుకుంటే ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

నియామకం అయ్యాక టౌన్ క్లర్క్ ముందు కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాను. ఆమె రెండు కట్టల కాగితాలు చేతిలో పెట్టారు. ఒకటి, పదవిలో ఉన్నవాళ్ల స్వప్రయోజనాలు నిర్ణయాలకు అడ్డురాకుండా చూసే చట్టం గురించి. దాని మీద ఆన్‌లైన్ శిక్షణ 30 రోజుల్లో పూర్తిచేయాలి, ఆ తర్వాత రెండేళ్లకు ఒకసారి మళ్లీ చేయాలి. రెండోది బహిరంగ సమావేశాల చట్టం. దీన్ని చదివి సంతకం పెట్టానే గాని, అది నిత్యవ్యవహారంలో ఎక్కడ తగులుతుందో ఊహించలేదు. మూడో వారంలోనే తగిలింది. రాబోయే విచారణకు సంబంధించిన ఒక పటం కమిషన్ ఉద్యోగి అందరికీ ఈమెయిలులో పంపితే, ఆఫీసు అలవాటు కొద్దీ ‘రిప్లై ఆల్’ నొక్కి, ఈ ఇంటి నక్షా నాకు సమ్మతంగా లేదని నాలుగు వాక్యాలు రాశాను. పావుగంటలో ఆ ఉద్యోగి నుంచి ఫోను వచ్చింది. ఏడుగురిలో నలుగురు కోరం కాబట్టి, మా మధ్య అభిప్రాయాలు మెయిలులో నడిస్తే అది ప్రజలకు తెలియకుండా జరిపిన సమావేశమే అవుతుందని, సమావేశమంటే సెలవు రోజులు మినహాయించి 48 గంటల ముందు నోటీసు అంటించి బహిరంగంగా జరగవలసిందని ఆవిడ మర్యాదగానే వివరించారు. తర్వాతి సమావేశంలో నా మెయిలును అందరి ముందూ చదివి రికార్డులో చేర్చారు. నా తప్పు టౌన్ దస్తావేజుల్లో ఇప్పటికీ ఉంది.

రెండో పాఠం మొదటి విచారణలోనే అందింది. ఒక దరఖాస్తుదారు పెద్ద ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. ఆ వీధి ఇరుకని, బడి పిల్లలు నడిచే దారని, అంత పెద్ద ఇల్లు ఆ వరుసలో నప్పదని నేను ఉత్సాహంగా మాట్లాడాను. అధ్యక్షురాలు నన్ను చివరి వరకూ మాట్లాడనిచ్చి, ‘సభ్యుడు చెప్పినవన్నీ మంచి విషయాలే కాని, అవి మన అధికార పరిధిలోనివి కావు’ అని ఒక్క వాక్యంతో ముందుకు సాగారు. రాష్ట్రపు చిత్తడి నేలల రక్షణ చట్టం ఎనిమిది ప్రయోజనాలను పేర్కొంటుంది: తాగునీటి సరఫరా, భూగర్భ జలాలు, వరద అదుపు, తుఫాను నష్టాల నివారణ, కాలుష్య నివారణ, గుల్లచేపలు దొరికే నేలలు, చేపలు, వన్యప్రాణుల ఆవాసం. మేము విధించే ప్రతి షరతూ ఈ ఎనిమిదిలో ఏదో ఒకదాన్ని ఆనుకుని నిలవాలి. ఇల్లు అందంగా ఉందా, ట్రాఫిక్ పెరుగుతుందా అన్నవి వేరే బోర్డుల పని. దరఖాస్తుదారుగా ఉన్నప్పుడు ఈ కమిషన్ అధికారానికి హద్దే లేదనుకున్నాను. సభ్యుడినయ్యాక ఆ అధికారం ఎంత సన్నని దారి మీద నడుస్తుందో అర్థమైంది.

ఆ దారిని నేల మీద గీయడం నేర్చుకోవడానికి శనివారాలు పట్టాయి. చిత్తడి నేల ఎక్కడ మొదలవుతుందో తేలితేనే దాని నుంచి 100 అడుగుల బఫర్ (చుట్టూ ఉండే రక్షణ పట్టీ) కొలవగలం. నిపుణులు ఆ హద్దు వెంట చెట్లకు రంగు రిబ్బన్లు కట్టి వాటికి అంకెలు వేస్తారు. మేము వెళ్లి, ఆ రిబ్బన్లు సరైన చోట ఉన్నాయో లేదో చూడాలి. అక్కడి మొక్కల్లో సగమైనా తడినేలను కోరేవేనా అన్నది ఒక గురుతు. ఎర్ర మేపుల్, హైబుష్ బ్లూబెర్రీ, వసంతారంభంలో ఇంకా మంచు కరగకముందే తలెత్తే స్కంక్ క్యాబేజీ మాకు ముందుగా కనిపించే సాక్షులు. మొక్కలు తేల్చని చోట చేతితో తిప్పే బరమాను నేలలోకి దించి మట్టి పైకి తీస్తారు. ఏడాదిలో చాలాకాలం నీటిలో నానిన మట్టి బూడిదరంగుకు తిరిగి, అక్కడక్కడ తుప్పు మచ్చలతో ఉంటుంది. ఆ రంగును మన్సెల్ పుస్తకంలోని రంగు చదరాల పక్కన పెట్టి సరిపోల్చుతారు. మట్టిని రంగు చూసి పేరు పెట్టడం మా పాలమూరు రైతుకు కొత్త కాదు గాని, ఆ రంగుకు ఒక సంఖ్య ఇచ్చి ఫైలులో రాయడం నాకు కొత్త.

అసలు పరీక్ష 2023 ఏప్రిల్‌లో వచ్చిన దరఖాస్తుతో మొదలైంది. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తన స్థలంలో వెనుకవైపు, ఒక సన్నని వాగుకు 80 అడుగుల దూరంలో, కూతురి కోసం ఇల్లు కట్టాలనుకున్నారు. చిక్కంతా ఆ వాగు గురించే. 1996లో వచ్చిన నదుల రక్షణ చట్టం ప్రకారం, ఏడాది పొడవునా పారే ప్రవాహం ఎంత చిన్నదైనా నదే. దాని రెండు ఒడ్డుల వెంట 200 అడుగుల మేర నదీతీర ప్రాంతంగా రక్షణ ఉంటుంది. ఏడాదిలో కొంతకాలం ఎండిపోయేదైతే ఆ 200 అడుగుల లెక్క వర్తించదు. ఒడ్డు నుంచి 100 అడుగుల బఫర్ ఒక్కటే మిగులుతుంది. మొదటిదైతే ఆయన ఇల్లు అక్కడ దాదాపు అసాధ్యం. రెండోదైతే కొన్ని షరతులతో కట్టుకోవచ్చు.

యు.ఎస్.జి.ఎస్. (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) పటంలో ఆ వాగును ఏడాది పొడవునా పారేదిగా గీశారు. ఆ గీతను తప్పని చూపే అవకాశం నిబంధనల్లోనే ఉంది: పన్నెండు నెలల వ్యవధిలో కనీసం నాలుగు రోజులు ప్రవాహం లేదని తేదీతో కూడిన ఫోటోలు, అక్కడికక్కడ రాసుకున్న వివరాలతో చూపాలి. ఆయన ఇంజనీరు 2022 ఆగస్టులో తీసిన నాలుగు రోజుల ఫోటోలు తెచ్చారు. రాళ్లు తేలి, ఆకులు ఎండి ఉన్న పడక స్పష్టంగా కనిపిస్తోంది. నాకు ఆ ఫోటోలు చూడగానే నమ్మకం కుదిరింది. మా ఊరి వాగు వానాకాలం దాటాక ఇసుకే; ఎండాకాలంలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకునేవాళ్లం. అలాంటి దాన్ని ‘నది’ అంటే మా ఊళ్లో నవ్వుతారు. ఎండిన పడకను కళ్లారా చూస్తూ ఇది ఎండలేదని ఎలా అనగలం?

కాని నిబంధనలో ఇంకొక మాట ఉంది. ఆ నాలుగు రోజులూ కరవు లేని కాలానివై ఉండాలి. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం మా ప్రాంతంలో మూడో స్థాయి కరవు ప్రకటించింది. కమిషన్ నియమించిన సలహాదారు (వారి ఖర్చు దరఖాస్తుదారే భరించాలని రాష్ట్ర చట్టం అనుమతిస్తుంది, అది ఆయనకు మరో భారం) ఈ విషయం రాతపూర్వకంగా ఇచ్చారు. కరవులో పెద్ద ప్రవాహాలు కూడా ఎండుతాయి కాబట్టి ఆ ఫోటోలు వాగు స్వభావం గురించి ఏమీ చెప్పవన్నది ఆ నియమం వెనుక ఉన్న తర్కం. తర్కం సరైనదే. అయినా బల్లకు అవతల ఒక ముసలాయన తన ఫోటోల కట్ట పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ తర్కం చెప్పడం అంత సులువు కాలేదు. నా షెడ్డు కాగితాలు వెనక్కి వచ్చిన రోజు నా ముఖం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆయన అంగీకారంతో విచారణను వాయిదా వేశాం. కరవు తొలగిపోయింది కనుక ఆ వేసవిలో మళ్లీ ఫోటోలు తీసుకుంటామని ఇంజనీరు చెప్పారు. ఆ వేసవి వాన వదలలేదు. జులైలో కుండపోతలు, సెప్టెంబరు 11న మాకు దగ్గర్లోని లెమిన్‌స్టర్‌ను ముంచెత్తిన వరద: వాగు ఒక్కరోజు కూడా ఆగలేదు. మధ్యలో మా అమ్మకు ఒంట్లో బాగాలేక నేను ఇండియా వెళ్లి, ఒక విచారణకు రాలేకపోయాను. అలా ఒక్క విడత తప్పిన సభ్యుడు, మా టౌన్ ఆమోదించిన ఒక రాష్ట్ర నియమం ప్రకారం, ఆ రోజు రికార్డింగు పూర్తిగా చూశానని సంతకం చేసి ఇస్తేనే ఓటు వేయగలడు. మూడు గంటల వీడియో మహబూబ్‌నగర్ ఆసుపత్రి వరండాలో కూర్చుని రెండు రాత్రుల్లో చూశాను. సంతకం కోసమే చూడటం మొదలుపెట్టినా, పొరుగువారు ఒకరు తమ నేలమాళిగలోకి వచ్చే నీటి గురించి చెప్పిన మాటలు అందులోనే విన్నాను. లేకపోతే ఆ సంగతి నాకు తెలిసేదే కాదు.

ఈ నెలల్లోనే ఇంకొక ఫోను వచ్చింది. మా తెలుగువాళ్లలో తమ్ముడి వరసయ్యే ఒకాయన, పెరట్లో ఈతకొలను కోసం దరఖాస్తు పెట్టారు. ‘అన్నా, మీరు అక్కడుండగా మాకేం భయం? మనవాళ్లు ఒకరు లోపల ఉంటే ధైర్యం కదా’ అన్నారు. ఆయనలో దురుద్దేశం ఏమీ లేదు; మన దగ్గర ఆఫీసులో తెలిసినవాళ్లు ఉన్నారా అని ముందు అడగడం ఎంత సహజమో ఇదీ అంతే. విచారణలో ఉన్న విషయం గురించి బయట మాట్లాడకూడదని చెప్పి పెట్టేశాను. సమావేశం రోజున, దరఖాస్తుదారు మా కుటుంబ స్నేహితులని రికార్డులో చెప్పి, ఆ అంశం అయ్యేదాకా గది బయటకు వెళ్లి కూర్చున్నాను. కొలనుకు అనుమతి వచ్చింది, పైగా సులువుగానే వచ్చింది. కాని నేను లేచి బయటకు వెళ్లడాన్ని ఆయన అవమానంగా తీసుకున్నారు. ఆ ఏడాది దీపావళికి వాళ్లు మా ఇంటికి రాలేదు. సెలక్ట్ బోర్డు అడిగిన ప్రశ్న నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది; వ్యతిరేకంగా ఓటు వేయడం కన్నా ఏ ఓటూ వేయకపోవడాన్ని వివరించడం కష్టమని ఆ ప్రశ్నలో లేదు.

అక్టోబరులో ఉపాధ్యాయుడి కొత్త నక్షా వచ్చింది. వాగు నదేనని ఒప్పుకుని, ఇంటిని రోడ్డు వైపు జరిపి, ఒడ్డు నుంచి 130 అడుగులకు తెచ్చారు. ఇంటి విస్తీర్ణం తగ్గింది. నదీతీర ప్రాంతంలో కదిలించే నేల 5,000 చదరపు అడుగులకు లోపలే ఉంచారు. ఒడ్డు పక్కన మొదటి 100 అడుగుల పచ్చదనం ముట్టుకోకుండా వదిలి, గడ్డి కోసిన చోట 40 బ్లూబెర్రీ, ఇతర స్థానిక పొదలు నాటుతామన్నారు. వేరే చోట కట్టే వీలు ఎందుకు లేదో చూపే విశ్లేషణ కూడా జతచేశారు. ఆ రాత్రి విచారణ ముగించి, చట్టం ఇచ్చిన 21 రోజుల గడువులో షరతుల ఉత్తర్వు జారీచేశాం. నా ఓటు అనుకూలం. షరతుల్లో ఒకటి నేను రాసినదే: నేలమాళిగ ఉన్న పొరుగువారి వైపు వాననీరు మళ్లకుండా పునాది పని మొదలయ్యే ముందే నేలలో ఇంకుడు గొయ్యి పూర్తి కావాలి. అది వరద అదుపు కిందకు వస్తుంది కనుక నిలిచింది.

ఆ ఉత్తర్వు మీద దరఖాస్తుదారు గాని, ఆనుకుని ఉన్న స్థలాల యజమానులు గాని, టౌన్ నివాసులు పదిమంది కలిసి గాని పది పనిదినాల్లో రాష్ట్ర పర్యావరణ శాఖకు అప్పీలు చేయవచ్చు. ఎవరూ చేయలేదు. ఉత్తర్వును రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో నమోదు చేయించి, మట్టి వాగులోకి కొట్టుకుపోకుండా గడ్డి చుట్టలు పరిచి, 2024 వసంతంలో పని మొదలుపెట్టారు.

అదే ఏడాది నవంబరు ఆరంభంలో, పొదలు నాటడం పూర్తయిందని ఆయన కబురు చేస్తే కమిషన్ ఉద్యోగితో కలిసి చూడటానికి వెళ్లాను. ఆ శరత్తులో మసాచుసెట్స్‌లో మళ్లీ కరవు. అడవుల్లో మంటలు కూడా రేగుతున్న రోజులవి. వాగు పడకలో చుక్క నీరు లేదు. రాళ్ల మీద మేపుల్ ఆకులు రాలి ఉన్నాయి. ఆయన ఒడ్డున నిలబడి కిందకు చూపిస్తూ, ‘ఇది కూడా లెక్కలోకి రాదు, అవునా?’ అన్నారు.

‘రాదండీ, కరవు ప్రకటించారు’ అన్నాను.

ఆయన నవ్వారు. ముగ్గురం వరుస వెంట నడుస్తూ పొదలు లెక్కపెట్టాం. నలభైలో ఆరు ఎండిపోయాయి. వసంతంలో ఆ ఆరింటి స్థానంలో కొత్తవి నాటాలని నోటు పుస్తకంలో రాసుకున్నాను.