ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా?

ఇక్కడ ఇంగ్లండ్‌లో మావాడి ఫుట్‌బాల్ అకాడమీ వాళ్ళిచ్చిన ఫారంలో ఎత్తు, బరువు, ఆస్తమా, అలర్జీలు అన్నీ గబగబా నింపేసి ఒక్క ప్రశ్న దగ్గర ఆగాను. రక్తసంబంధీకుల్లో యాభై ఏళ్ళలోపు హఠాత్తుగా చనిపోయినవాళ్ళున్నారా? కారణం తెలియకుండా నీళ్ళలో మునిగిపోయినవాళ్ళున్నారా? మా అమ్మ తరఫున ఒకరున్నారు. మా చిన్న మామయ్య. నాకు ఊహ తెలిసేనాటికే లేడు. రేపల్లె దగ్గర కాలువలో పోయాడని మాత్రం విన్నాను.

అమ్మకి ఫోన్ చేస్తే "పిల్లాడు శుభమా అని టీములో చేరుతుంటే ఇప్పుడెందుకే ఆ మాటలు" అంది. వదలకుండా అడిగితే చెప్పింది. ఇరవై మూడేళ్ళట. ఊళ్ళో సగంమంది పిల్లలకి ఈత నేర్పినవాడు, పొద్దున్నే ఎవరితోనో పందెం కాసి ఈదుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడట. గాలి సోకిందన్నారు, ఎవరో చేయించారన్నారు. మా అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆయన పేరెత్తినవాళ్ళు లేరు. ఫొటో కూడా పెట్టెలోనే ఉండేది.

"అది ప్రమాదం కదా, రాయకపోతే ఏం? ఉత్తిపుణ్యానికి సెలెక్షన్ పోతుందేమో" అన్నారు మా ఆయన. రాశాను.

మావాడికి అప్పుడు పదహారు. ఇంగ్లండ్‌లో క్లబ్బు అకాడమీల్లో పెరిగిన పిల్లల్లో కొద్దిమందికి ఆ వయసులో స్కాలర్‌షిప్ ఇస్తారు. ప్రొఫెషనల్ కాంట్రాక్టుకి ముందు రెండేళ్ళ మెట్టు అది. గుండె పరీక్ష కూడా అక్కడే. ఫారం, డాక్టరు చూడటం, ఈసీజీ, ఎకో. ఫుట్‌బాల్ అసోసియేషన్ 1990ల నుంచీ ఇది చేయిస్తోంది. ఇరవై ఏళ్ళ ఫలితాలని లండన్ సెయింట్ జార్జెస్ యూనివర్సిటీ గుండె డాక్టరు సంజయ్ శర్మ బృందం 2018లో ప్రచురించింది. 11,168 మందిని చూస్తే 42 మందిలో ప్రాణం మీదికి తెచ్చే గుండె జబ్బు బయటపడింది. వెయ్యికి నలుగురన్నమాట. ఆ నలుగురిలో మనవాడెందుకుంటాడు అనుకుంటాం. నాకు నిద్ర పట్టనివ్వనిది అందులోని ఇంకో లెక్క: తర్వాతి కాలంలో గుండె జబ్బుతో చనిపోయిన ఎనిమిది మందిలో ఆరుగురికి ఈ పరీక్షలన్నీ నార్మలే వచ్చాయి. పరీక్షకీ మరణానికీ మధ్య సగటున దాదాపు ఏడేళ్ళు. ఒక్కసారి చూపించేశాం, గండం గట్టెక్కింది అనుకునే వీల్లేదు.

మావాడి ఈసీజీలో పైకి లేవాల్సిన అలలు కొన్ని కిందికి తిరిగున్నాయి. ఎకో తర్వాత ఎమ్మారై అన్నారు. రోజూ పరిగెత్తే పిల్లల గుండె కండ కాస్త మందంగానే ఉంటుందట. 12 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు. 15, ఆపైన ఉంటే జబ్బుగానే చూస్తారు. మధ్యలో ఉంటే తేల్చడం కష్టం, కొన్ని నెలలు ఆట మాన్పించి తగ్గుతుందేమో చూస్తారు. మావాడికి ఆ సందేహం అక్కర్లేకపోయింది. 17. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె కండ అతిగా మందమయ్యే జబ్బు. 2003లో లియోన్‌లో సెమీఫైనల్ ఆడుతూ కుప్పకూలిన కామెరూన్ ఆటగాడు ఫోయే గుండెలో శవపరీక్షలో బయటపడిందీ ఇదే.

రిపోర్టుల కోసం వెళ్ళిన రోజు మా ఆయన కారిడార్‌లోనే డాక్టరుని ఆపి, ఏమైనా ఉంటే ముందు మాకు చెప్పండి, వాడికి మేం మెల్లగా చెప్పుకుంటాం అన్నారు. గుంటూరులో అయితే డాక్టరే "బాబూ, నువ్వు కాసేపు బయట కూర్చో" అనేవాడు. ఈయన మర్యాదగానే విని, లోపలికెళ్ళాక కుర్చీని మావాడి వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "నీకు పదహారు నిండాయి. అమ్మానాన్నలు ఇక్కడ ఉండటం నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. వాడు మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఉండమన్నాడు. ఉండమనకపోతే నిజంగానే మేం బయటికి రావాల్సిందే. ఆ ఒక్క క్షణం నాకు ఒళ్ళు మండింది, ఒప్పుకుంటాను. కన్నవాళ్ళం మేమా, వీళ్ళా? కానీ తర్వాత అరగంటలో వాడు అడిగిన ప్రశ్నలు మా ఇద్దరికీ తట్టేవి కావు.

"ఎరిక్సన్ ఆడుతున్నాడు కదా?" అన్నది మొదటి ప్రశ్న. 2021 యూరోలో డెన్మార్క్, ఫిన్లాండ్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగి పడిపోయినప్పుడు మేమందరం టీవీ ముందే ఉన్నాం. ఛాతీలో షాకిచ్చే పరికరం పెట్టాక, అప్పటిదాకా అతను ఆడిన ఇటలీలో నిబంధనలు ఆడనివ్వలేదు. ఇంగ్లండ్ వచ్చి బ్రెంట్‌ఫర్డ్‌కి ఆడాడు. ఒక దేశం వద్దన్నది ఇంకో దేశం సరేనంటుంది. డాక్టరు దాపరికం లేకుండా మాట్లాడాడు: ఎవరి గుండె కథ వారిది, నీ కండలో మచ్చలు కూడా కనిపిస్తున్నాయి, ఆ స్థాయి ఆట వద్దనే నా సలహా.

ఇంటికొచ్చాక వాడే అన్వర్ అలీని పట్టుకొచ్చాడు. పంజాబ్ కుర్రాడు, 2017 అండర్-17 ప్రపంచకప్‌లో ఇండియాకి ఆడాడు. 2019లో ఇలాంటి జబ్బే బయటపడింది. ఫెడరేషన్ ఆడొద్దంటే ఢిల్లీ హైకోర్టుకెక్కాడు. తర్వాత ఎఫ్‌సీ గోవా క్లబ్బుకి ఆడి, 2022లో ఇండియా జట్టులోకీ వచ్చాడు. "అయితే నువ్వూ కోర్టుకెళ్తావా?" అని వాళ్ళ నాన్న కసిరితే, "ఆడతాననట్లేదు నాన్నా. నిర్ణయం ఎవరిదీ అని అడుగుతున్నా" అన్నాడు.

రెండు వారాలు గదిలోంచి సరిగా బయటికి రాలేదు. తర్వాత ఒకరోజు దోసె తింటూ మానేస్తున్నానన్నాడు. ఎందుకని అడగలేదు, వాడే చెప్పాడు. ఎరిక్సన్ పడిపోయినప్పుడు జట్టంతా చుట్టూ గోడలా నిలబడింది కదా, మా వాళ్ళని అలా నిలబెట్టలేను అన్నాడు. టీము గ్రూపులో జబ్బు పేరుతో సహా తనే మెసేజ్ పెట్టాడు. ఆ రాత్రే ఇద్దరు కుర్రాళ్ళు ఇంటికొచ్చి వాడి పక్కన కూర్చుని వీడియోగేమ్ ఆడి వెళ్ళారు.

మనవాళ్ళ ఫోన్లు వేరే రకం. "పోన్లే అమ్మా, మన మంచికే. ఇకనైనా చదువు మీద పడతాడు" అన్నవాళ్ళు ఒకరు కాదు. ఏడేళ్ళ నుంచి వానలో చలిలో వాణ్ణి ప్రాక్టీసుకి దింపుతున్న మనిషిని నేను. వాడు పోగొట్టుకున్నది ఉద్యోగమని వీళ్ళకి ఎలా చెప్పను? మా ఆడపడుచైతే ఇంజనీరింగ్ కాలేజీల పేర్లు కూడా పంపింది.

అసలు గొడవ జన్యుపరీక్షతో వచ్చింది. వాడిలో ఒక మార్పు దొరికింది. నాకూ చేస్తే నాలోనూ ఉంది. నా ఎకో మాత్రం శుభ్రంగా ఉంది, కొందరిలో ఇది అలా నిద్రపోతుందట. మనవాళ్ళు మేనరికాన్ని తిట్టడం మొదలుపెట్టారు గానీ దీనికి మేనరికంతో పని లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి దగ్గరున్నా బిడ్డకి వచ్చే అవకాశం సగం. 2009లో హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్న బృందం, మన ఉపఖండంలో సుమారు నూటికి నలుగురిలో కనిపించే, గుండె కండ జబ్బుకి దారితీసే ఒక జన్యుమార్పుని బయటపెట్టింది. మావాడిది అది కాదు, కానీ ఇలాంటి జబ్బు జన్యువుల గురించి మన హైదరాబాద్‌లో అంత పని జరిగిందని నాకు అప్పుడే తెలిసింది.

నాకు ఉందంటే, కాలువలో పోయిన మామయ్యని తలుచుకుంటే, మా అమ్మకీ ఉండాలి. అంటే మా తమ్ముడికీ సగం అవకాశం. వాడు ఒక్కడు రక్తం ఇస్తే చాలు. వాడికి లేకపోతే వాడి పిల్లలకి ఏ పరీక్షా అక్కర్లేదు. చెబితే "అక్కా, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. గుండె జబ్బు వంశమని బయటికి పొక్కితే ఎవరొస్తారు?" అన్నాడు. అమ్మ వాడి పక్షమే. వాడి భయం ఉత్తిది కాదని నాకూ తెలుసు. పెళ్ళిచూపుల్లో తాతల ఆస్తులే కాదు, వాళ్ళ రోగాలూ ఆరా తీసే ఊరు మాది.

మావాడు నన్నడగలేదు. గుంటూరులో ఉన్న వాళ్ళ బావకి, అంటే మా తమ్ముడి కొడుక్కి, నేరుగా ఫోన్ చేసి అంతా చెప్పేశాడు. పంతొమ్మిదేళ్ళవాడు, కాలేజీకి బ్యాడ్మింటన్ ఆడతాడు. ఇంట్లో చెప్పకుండా వెళ్ళి ఈసీజీ, ఎకో చేయించుకుని రిపోర్టు ఫొటో తీసి పంపాడు. అంతా నార్మల్. అయినా వాళ్ళ నాన్న రక్తం ఇచ్చేదాకా, ఇద్దరు పిల్లలకీ కొన్నాళ్ళకోసారి మళ్ళీ చూపించాల్సిందేనని మా డాక్టరు అన్నాడు.

తమ్ముడికి తెలిసిపోయింది. నా మీద అలిగి నెల దాటింది, సంక్రాంతికి వెళ్ళినప్పుడు కూర్చుని మాట్లాడాలి. మొన్న రాత్రి మరదలు మెసేజ్ పెట్టింది: "వదినా, ఆయనకి చెప్పకండి. అమ్మాయికి కూడా ఎకో తీయిద్దామనుకుంటున్నా. డాక్టరుని ఏమేం అడగాలో రాసి పంపుతారా?"