చక్రవర్తి పుట్టిన ఊరి కౌంటీ: ఫెంగ్‌యాంగ్

చైనా చరిత్రను రాజవంశాల వరుసగా చదివితే యుద్ధాలు గుర్తుంటాయి కానీ, పల్లెలో శిస్తు ఎవరు వసూలు చేశారో, తగవు ఎవరు తీర్చారో తెలియదు. ఆ రెండు పనులూ చేసింది ‘షియాన్’, అంటే కౌంటీ. మన పాత తాలూకాతో దానిని పోల్చుకోవచ్చు. మింగ్, చింగ్ వంశాల కాలంలో కౌంటీ అధికారిని రాజధాని నుంచే నియమించేవారు, సొంత రాష్ట్రంలో అతనికి పదవి ఇచ్చేవారు కారు. ఇటువంటి కౌంటీలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అన్‌హుయ్ రాష్ట్రంలో, హువాయ్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న ఫెంగ్‌యాంగ్.

ఈ ప్రాంతానికి పూర్వం జోంగ్‌లీ అని పేరు. సుయి వంశ కాలం నుంచి ఇది హావ్‌జౌ పాలనలో ఉంది. 1328లో ఇక్కడ ఒక పేద రైతు ఇంట జు యువాన్‌జాంగ్ పుట్టాడు. 1344లో కరువూ అంటురోగమూ అతని తల్లిదండ్రులను పొట్టనబెట్టుకుంటే, పొట్టకూటికి బౌద్ధ మఠంలో చేరిన ఆ కుర్రవాడు 1368లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి అయ్యాడు. మరుసటి సంవత్సరమే తన సొంత ప్రాంతంలో ‘జోంగ్‌డు’, అంటే మధ్య రాజధాని, కట్టమని ఆజ్ఞాపించాడు. రాజధాని వస్తున్నదంటే దానికి తగిన పాలనా కేంద్రం కూడా ఉండాలి కనుక, 1374లో లిన్‌హువాయ్ కౌంటీ నుంచి కొంత భూభాగాన్ని విడదీసి కొత్త కౌంటీని ఏర్పరచారు. ఫీనిక్స్ కొండకు దక్షిణాన ఉన్నది అనే అర్థంలో దానికి ఫెంగ్‌యాంగ్ అని పేరు పెట్టారు. దానిపైన ఉన్న ‘ఫూ’కు, అంటే మన జిల్లా వంటి విభాగానికి, అదే పేరు ఇచ్చారు. ఈ ఫూ కింద ఐదు ‘జౌ’లు, అంటే ఫూకూ కౌంటీకీ మధ్యస్థాయి విభాగాలు, పదమూడు కౌంటీలు ఉండేవి. చాలినంత జనం లేని ఆ నేలను సాగు చేయించడానికి యాంగ్‌ట్సీ నదికి దక్షిణాన ఉన్న ప్రాంతాల నుంచి 1,40,000 మందిని తరలించారు. వాళ్లు ఇష్టపడి వచ్చినవారు కారన్న సంగతి మరిచి ఈ నగర వైభవాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

జోంగ్‌డు కోటకు వాడిన ఇటుకలలో చాలావాటి మీద ఏ ఫూ, ఏ కౌంటీ వాటిని కాల్చి పంపిందో అచ్చు వేసి ఉంటుంది. నాసిరకం ఇటుక వస్తే బాధ్యులు దొరకాలన్నది ఉద్దేశం. అలా ఎక్కడెక్కడి కౌంటీల పేర్లో ఒకే గోడలో పక్కపక్కన చేరాయి. ఇంత శ్రమ పెట్టాక, 1375లో ఖర్చు భారమైందంటూ చక్రవర్తి పనులు ఆపించి నాన్‌జింగ్‌నే రాజధానిగా ఉంచుకున్నాడు. రాజధాని రాకపోయినా కౌంటీ మాత్రం నిలిచింది. 1754లో పాత లిన్‌హువాయ్ కౌంటీని రద్దు చేసి ఫెంగ్‌యాంగ్‌లో కలిపేశారు, అంటే తల్లి కౌంటీ వెళ్లి కూతురిలో కలిసింది. ఆ మరుసటి ఏడు జోంగ్‌డు గోడల ఇటుకలనే ఊడదీసి ఫూ కేంద్రానికి కోట కట్టారు.

చక్రవర్తుల పాలనను కూల్చిన 1911 విప్లవం తరువాత ఫూలు రద్దయ్యాయి. ఆపై రైలు మార్గం పాలనా పటాన్ని మార్చింది. ఫెంగ్‌యాంగ్, హువాయ్‌యువాన్, లింగ్‌బి కౌంటీల సరిహద్దులో ఉన్న బెంగ్‌బు రేవు, టియాన్‌జిన్–పుకౌ రైలు దారి రావడంతో పెరిగి, 1947లో ప్రత్యేక నగరమైంది.

1958లో కమ్యూన్లు, అంటే పొలాలను ఉమ్మడిగా సాగు చేసే సంఘాలు, వచ్చి గ్రామ పాలననూ సేద్యాన్నీ ఒకే చేతికి అప్పగించాయి. ఆ వెంటనే వచ్చిన మహా కరువు ఫెంగ్‌యాంగ్‌ను ఘోరంగా దెబ్బతీసింది. ఇరవై ఏళ్ల తరువాత, 1978 చలికాలంలో, ఇదే కౌంటీలోని షియావ్‌గాంగ్‌లో 18 మంది రైతులు ఒక మట్టి ఇంట్లో రహస్యంగా కూడి, పొలాలను ఇంటింటికీ పంచుకుంటామని ఒక కాగితం మీద రాసుకుని ఎర్రని వేలిముద్రలు వేశారు. ప్రభుత్వానికి ఇవ్వవలసిన ధాన్యం ఇస్తామని, నాయకులు జైలుకు వెళితే వారి పిల్లలను 18 ఏళ్లు వచ్చేవరకు మిగిలినవారు పెంచుతారని అందులో ఉంది. నేను పదేపదే ఆగిపోయేది ఈ షరతు దగ్గరే, ఎందుకంటే తమ పనికి పడగల శిక్ష ఏమిటో వాళ్లకు స్పష్టంగా తెలుసు. మరుసటి ఏడాది పంట బాగా పండింది. అప్పటి రాష్ట్ర పార్టీ కార్యదర్శి వాన్ లీ ఈ పద్ధతికి అండగా నిలిచాడు. 1982 రాజ్యాంగం కమ్యూన్ల నుంచి పాలనాధికారాన్ని తీసి మళ్లీ ‘షియాంగ్’లకు, అంటే గ్రామ సముదాయాల ప్రభుత్వాలకు, అప్పగించింది. కౌంటీ మాత్రం 1374 నాటి పేరుతోనే, 1992 నుంచి చుజౌ నగర పాలన కింద, కొనసాగుతోంది.