మాస్టారి గొంతు ఏ శ్రుతిలో ఉండేది?

మా సంగీతం మాస్టారు పోయి, పన్నెండో రోజు అయిన వారానికి ఆయన భార్య, మా అమ్మగారు, ఫోను చేశారు. "నాయనా, బీరువా కింది అరలో కేసెట్లున్నాయి. చెదలు పట్టేలా ఉన్నాయి. పారేయడానికి చేతులు రావడం లేదు. ఒకసారి వచ్చి చూడు" అన్నారు.

అది 2023 జూన్. వెళ్లి చూస్తే రెండు బిస్కెట్ల డబ్బాలు, ఒక పాత సూట్‌కేసు. వాటి నిండా కేసెట్లే. లెక్కపెడితే 83. అన్నీ 1987 నుంచి 2004 దాకా మాస్టారు పాఠం చెబుతూ రికార్డు చేయించినవి. కచేరీ ఒక్కటీ లేదు. కొన్నింటి మీద రాగం పేరు, కొన్నింటి మీద తేదీ, చాలావాటి మీద ఏమీ లేదు. ఒకదాని మీద మాత్రం ఆయన చేతిరాతలో "పనికిరాదు" అని ఉంది. సహజంగానే ముందు విన్నది దాన్నే.

ఆయన విజయనగరంలో చదువుకున్నారు. ప్రభుత్వ సంగీత కళాశాలలో అధ్యాపకుడిగా చేరి, ప్రిన్సిపాల్ అయి, తర్వాత విశ్వవిద్యాలయానికి వెళ్లి, చివరికి ఉపకులపతిగా పదవీ విరమణ చేశారు. సంతాప సభలో ఈ పదవులన్నీ వరసగా వినబడ్డాయి. ఏ సంవత్సరంలో ఏ కమిటీలో సభ్యుడో కూడా చెప్పారు. రెండు గంటల సభలో ఎవరూ ఒక్క పల్లవి ఎత్తుకోలేదు. నేనూ ఎత్తుకోలేదనుకోండి, ఇతరులను అనే హక్కు నాకు లేదు. కానీ ఇంటికి వచ్చాక ఆ సభలో చెప్పింది వేరెవరి గురించో అనిపించింది. నాకు తెలిసిన మాస్టారు ఉదయం ఆరింటికి తుండుగుడ్డ భుజం మీద వేసుకుని, ఆధార స్వరం పలికే శ్రుతి పెట్టె ముందు కూర్చుని, "ఏమోయ్, నిన్నటి ధైవతం దొరికిందా?" అని అడిగే మనిషి. ధైవతం అంటే సప్తస్వరాల్లో 'ధ'.

నేను విద్యుత్ శాఖలో పని చేసి రిటైరయ్యాను. సాయంత్రం క్లాసుల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు కట్టి, ఆ తర్వాత మాస్టారి ఇంటికి వెళ్లి పాఠం చెప్పించుకున్నాను. పెద్ద గాయకుణ్ణి కాను. కేసెట్లు బాగు చేయడానికి గొంతు అక్కర్లేదు కదా అనుకుని ఒప్పుకున్నాను. ఆ లెక్క ఎంత తప్పో ఏడు నెలల తర్వాత తెలిసింది.

ముందు ఒక గ్రంథాలయానికి వెళ్లాను, వాళ్లే తీసుకుంటారేమోనని. ప్రతి కేసెట్‌లో ఏముందో జాబితా రాసి తెస్తే పరిశీలిస్తామన్నారు. వినకుండా జాబితా ఎలా రాయను? వినాలంటే ముందు టేపులు బాగుపడాలి. ఇక మా ఇంట్లోనే మొదలుపెట్టాను.

సముద్రపు గాలి తగిలే ఊళ్లో పాతికేళ్లు మూతపడి ఉన్న టేపు ఎలా ఉంటుందో చూడాలంటే కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూడాలి. చుట్ట అంచున తెల్లటి చుక్కలు కనబడితే అది బూజు. ఆ టేపును తిన్నగా ప్లేయర్‌లో పెట్టకూడదు, బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి కేసెట్‌కు పాకుతుంది. మెత్తని గుడ్డ ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతూ తుడవాలి. కొన్నింటిలో టేపును హెడ్‌కు అదిమి పెట్టే చిన్న గుడ్డముక్క ఊడిపోయింది. అప్పుడు మరలు విప్పి, చుట్టలు రెండూ బయటికి తీసి, కొత్త డబ్బాలోకి మార్చాలి. మొదటిసారి విప్పినప్పుడు చుట్ట జారి టేపంతా ఒళ్లో పడింది. పెన్సిల్‌తో చుట్టుకుంటూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను.

ప్లేయర్ ఒక పాత రేడియో మెకానిక్ దగ్గర దొరికింది. హెడ్ పక్కన చిన్న మర ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే హెడ్ వాలు మారుతుంది, మూసుకుపోయిన గొంతు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ప్రతి కేసెట్‌కు ముందు ఆ మరను మళ్లీ చూసుకోవాలి. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్ తుడవాలి. ఇక ఆ తర్వాత చేయాల్సిందేమీ లేదు, కూర్చుని వినడమే. గంటన్నర కేసెట్‌కు గంటన్నర పడుతుంది, తొందర పెట్టే దారి లేదు. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ లెక్కన ఎక్కించాను. ఒక గంట పాఠం ఒక గిగాబైటు పైచిలుకు. పన్నెండు కేసెట్లు బాగుపడలేదు. మిగిలిన 71 దక్కాయి.

"పనికిరాదు" కేసెట్ సంగతి చెప్పాలి. అందులో మాస్టారు భైరవి రాగంలోని వర్ణం ఒంటరిగా పాడుకుంటున్నారు. అట తాళం, పద్నాలుగు అక్షరాలు, అంటే పద్నాలుగు లెక్కలు: ఐదేసి అక్షరాల లఘువులు రెండు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. వేళ్ల మీద లెక్కపెట్టే లఘువుల్లో రెండోదానిలో ఒక వేలు తప్పారు. ఆగి, "ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, నాకే రాలేదు" అని నవ్వి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే తప్పారు. ఇంకా గట్టిగా నవ్వారు. అక్కడితో టేపు ఆపేశారు. పాఠాలన్నిటిలోకీ నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

ఇక అసలు చిక్కు. మొదటి పది కేసెట్లు విన్నప్పుడే మాస్టారి గొంతు పడుచువాడి గొంతులా ఉందనిపించింది. పైగా ఒకే పాఠంలో శ్రుతి పైకి పాకుతోంది. మొదట్లో ఒక చోట, చివరికి వచ్చేసరికి దాదాపు అర శ్రుతి, అంటే హార్మోనియం మీద పక్క మెట్టంత, పైన. మాస్టారు శ్రుతి తప్పడమా? తప్పింది టేప్ రికార్డరు. అది నాలుగు పెద్ద సెల్లులతో నడిచేది. మాస్టారికి సెల్లులు కొనడమంటే మహా బాధ. అయిపోయిన వాటిని పిట్టగోడ మీద ఎండబెట్టి మళ్లీ వేసేవారు. సెల్లు నీరసిస్తే మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా రికార్డయిన టేపును సరైన వేగంతో వినిపిస్తే గొంతు హెచ్చుతుంది, పాట పరుగెడుతుంది. వేగం 6 శాతం తేడా వస్తే అర శ్రుతి మారుతుంది.

సరిచేయాలంటే అసలు శ్రుతి ఏదో తెలియాలి. మాస్టారి శ్రుతి పెట్టె ఇంకా ఉందా అని అమ్మగారిని అడిగాను. దేవుడి గూటి కింద నుంచి తెచ్చి ఇచ్చారు. చెక్క ఒక పక్క చిట్లింది, తిత్తిలోంచి గాలి పోతోంది, పంచమం ('ప') మీట తీస్తే సన్నగా జీర వస్తుంది. ఆ జీర కేసెట్లలో కూడా వినబడుతుంది! ఫోనులో శ్రుతి చూపే యాప్ పెట్టి షడ్జం, అంటే 'స', కొలిస్తే 136 హెర్ట్జ్ చూపింది. ఒకటిన్నర శ్రుతికి ఉండాల్సిన 138.6 కంటే కాస్త తగ్గు. పాఠం జరిగినంతసేపూ ఎవరో ఒక విద్యార్థి ఆ పెట్టెను ఊదిస్తూనే ఉండేవాడు కాబట్టి టేపు పొడవునా కొలబద్ద ఉన్నట్టే. ఐదేసి నిమిషాలకు ఒకసారి షడ్జం కొలిచి, 136కు దింపుకుంటూ పోయాను. గొంతు దిగింది, మాటలు నెమ్మదించాయి, ఎదురుగా మాస్టారు కూర్చున్నట్టయింది.

ఆ మాటలు ఎన్నని చెప్పను. భైరవిలో ఆరోహణకు కాస్త పైనుండే చతుశ్రుతి ధైవతం, అవరోహణకు దాని కిందిదైన శుద్ధ ధైవతం. ఒకమ్మాయి దిగేటప్పుడు కూడా ఎక్కినదాన్నే పట్టుకుంటోంది. "అమ్మా, ఎక్కేటప్పుడు ఉన్న మెట్టు దిగేటప్పుడు ఉండదు. చూసుకుని కాలు పెట్టు" అంటారు. పదకొండుసార్లు పాడించారు. పన్నెండోసారి సరిగ్గా పడ్డాక మెచ్చుకోలేదు, "కాఫీ తాగు" అన్నారు.

విశ్వవిద్యాలయంలో ఉన్నప్పటివి తొమ్మిది కేసెట్లు. ఉపకులపతి అయ్యాక కూడా ఆఫీసుకు గంట ముందే వెళ్లి, తన గదిలోనే పాఠం చెప్పేవారు. వాటిలో తలుపు చప్పుడు, "సార్, ఫైలు" అనే గొంతు, కాగితాలు తిరగేయడం, కలం గీరుకోవడం వినబడతాయి. ఎడమ చేతి తాళం మాత్రం ఆగదు, తొడ మీద దెబ్బలు లెక్కపెట్టవచ్చు. ఒకదానిలో నియామకాల గురించి ఎవరితోనో ఫోనులో వాదిస్తున్నారు. డిగ్రీ లేని ఒక వైణికుణ్ణి అతిథి అధ్యాపకుడిగా తీసుకోవాలని ఆయన పట్టు. "1919లో విజయనగరం కళాశాలలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరడానికి వచ్చారు. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు విని, చేర్చుకోవడానికి బదులు ఉద్యోగం ఇచ్చారు. దాసు గారు సర్టిఫికెట్ అడిగి ఉంటే మనకు ద్వారం బాణీ దక్కేదా?" అని ఫోను పెట్టేసి, "ఎక్కడున్నాం?" అన్నారు. "ధ దగ్గర సార్" అని ఎవరో అన్నారు. సరిగ్గా అక్కడి నుంచే అందుకున్నారు.

ఆ సంభాషణ ఉంచాలా, తీసేయాలా అని వారం తర్జనభర్జన పడ్డాను. అవతలి మనిషి పేరు వచ్చే చోట మాత్రం కోసేసి, మిగతాది ఉంచాను. విద్యార్థుల తిట్లు కూడా ఉన్నాయి. దొరికినవాళ్లకు ఫోను చేసి అడిగితే ఒక్కరూ తీసేయమనలేదు. "నన్ను తిట్టింది ఏ కేసెట్టో చెప్పు, నాకు పంపు" అన్నారు అందరూ.

2024 జనవరిలో పని పూర్తయిందనుకుని, ఒక ఆదివారం అమ్మగారికి వినిపించడానికి లాప్‌టాప్ తీసుకెళ్లాను. ఇంటి పాఠాలు వింటూ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆఫీసు కేసెట్ పెట్టాను. రెండు నిమిషాలు విని, చెయ్యి ఎత్తి ఆపమన్నారు.

"ఇది ఆయన నిద్ర లేచిన గొంతు నాయనా. ఆఫీసులో ఇలా ఉండదు."

శ్రుతి పెట్టెతో సరిచూశానమ్మా అన్నాను. 136 అని కూడా చెప్పాను, ఆవిడకేదో అర్థమవుతుందన్నట్టు.

"ఏ పెట్టె? ఇదా? ఇది గడప దాటింది ఎప్పుడు? ఆఫీసులో పిల్లలు కొనిచ్చినది వేరే ఉండేది. నడిచి వెళ్లేసరికి గొంతు విప్పారుతుందని, అక్కడ రెండు శ్రుతికి పెట్టుకునేవారు" అన్నారు, వంటింట్లోకి వెళుతూ.

రెండు శ్రుతి అంటే 146.8. నేను తొమ్మిది కేసెట్లను అర శ్రుతికి పైగా కిందికి తొక్కేశాను. జీర లేని పంచమం చెవిన పడుతూనే ఉంది, అది వేరే పెట్టె అని తట్టలేదు. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. ఆఫీసులో రికార్డరును గోడ ప్లగ్గుకు పెట్టేవారు కాబట్టి ఆ టేపుల్లో కరెంటు హోరు సన్నగా ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల విద్యుత్ గ్రిడ్ 48 దరిదాపులకు జారడం మా ఉద్యోగుల్లో ఎవరికీ వింత కాదు. ఇంటికి వచ్చి, నేను సరిచేసిన ఫైలులో ఆ హోరు కొలిచాను. 45.4. ఆ ఫ్రీక్వెన్సీలో ఏ గ్రిడ్డూ నిలబడదు, అంతకు చాలా ముందే జనరేటర్లు ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి. ముప్పై నాలుగేళ్లు ఫ్రీక్వెన్సీ మీటరు ముల్లు చూస్తూ జీతం తీసుకున్నవాణ్ణి నేను. నా చేతిలోనే ఉన్న కొలతను చూసుకోలేదు.

ఆఫీసు పాఠాలన్నీ మళ్లీ అసలు ఫైళ్ల నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఒక్కొక్కటి అవగానే ఫోనులో అమ్మగారికి ఒక నిమిషం వినిపించేవాణ్ణి. ఏడింటికి "ఆఁ" అన్నారు. ఒకదానికి "ఆ రోజు జలుబు చేసి ఉంటుంది, వదిలెయ్" అన్నారు. మిగిలిన ఒక్కదానికి ఏమీ అనలేదు. కాసేపు చూసి, "అమ్మగారూ, ఉన్నారా?" అన్నాను.

"ఉన్నాను. ఆపకు" అన్నారు.