మా వాడి జ్వరం, మా అత్తగారి రెండో డోసు

"ఎలాగూ ఇచ్చేది పారాసెటమాలే కదా, ఇంక కోవిడ్ టెస్టెందుకు?" ఇదీ మా ఆయన వాదన. దాన్ని ఈ రోజుకీ నేను పూర్తిగా కొట్టిపారేయలేను.

2021 సెప్టెంబరు, కాకినాడ. ఆ ఏడు వినాయక చవితి పదో తారీఖు, శుక్రవారం వచ్చింది. వీధి పందిళ్ళు వద్దన్నారు కాబట్టి అందరిలాగే మేమూ ఇంట్లోనే మట్టి వినాయకుణ్ణి పెట్టుకుని, ఉండ్రాళ్ళు చేసి, కథ చదువుకుని అక్షింతలు వేసుకున్నాం. మర్నాడు రాత్రి మా వాడు అన్నం వద్దంటూ ముడుచుకుని పడుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. చంకలో థర్మామీటరు పెడితే 102. వాడప్పుడు ఒకటో తరగతి. ఆగస్టు 16న బడులు తెరిచారు, వాడు బ్యాగు తగిలించుకుని వెళ్ళడం మొదలుపెట్టి ఇంకా నెల తిరగలేదు.

పిల్లాడికి జ్వరం వస్తే మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తడిగుడ్డ, సిరప్, మిరియాల చారు, అత్తగారు ఉప్పు తిప్పి దిష్టి తీయడం. మూడో రోజుకీ తగ్గకపోతే డాక్టరు. ఆ ఏడు ఆ పద్ధతి మీద ఎవరికీ నమ్మకం లేకుండా పోయింది. రాష్ట్రం మొత్తంలో ఎక్కువ కేసులు అప్పటి మా తూర్పు గోదావరి జిల్లాలోనే. మే నెలలో మా ఆయనకే వచ్చి తగ్గింది. దానికి తోడు "మూడో వేవ్ పిల్లలకే" అంటూ టీవీల్లో ఒకటే మోత. పిల్లల డాక్టర్ల సంఘం వాళ్ళు అలా జరిగే అవకాశం చాలా తక్కువని మే నెలలోనే చెప్పారు, కానీ ఆ మాట టీవీ కింద స్క్రోలింగ్‌లో పోయింది.

నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్లో పనిచేస్తాను, అంకెలంటే కాస్త గురి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జులైలో నాలుగో సీరో సర్వే, అంటే ఎందరి రక్తంలో కోవిడ్ యాంటీబాడీలు ఉన్నాయో చూసే సర్వే, ఫలితాలు చెప్పినప్పుడు ఒక లెక్క నా బుర్రలో ఉండిపోయింది. 6 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో 57.2 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలు ఉన్నాయట. అంటే సగం మందికి పైగా పిల్లలకి వచ్చింది, పోయింది, చాలా ఇళ్ళల్లో తెలియను కూడా తెలియలేదు. మా వాడికీ మే నెలలో వాళ్ళ నాన్నతో పాటే వచ్చిపోయి ఉంటుందని అనుకుంటూ ఉండేదాన్ని. పగటిపూట ఆ లెక్క మంచి ధైర్యం. రాత్రి రెండింటికి పిల్లాడు మూలుగుతుంటే శాతాలు అక్కరకు రావు.

ఆదివారం పొద్దున్నే పిల్లల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ కోవిడ్ మాట ఎత్తకుండానే బరువెంత అని అడిగారు. 18 కిలోలన్నాను. "సిరప్ సీసా తెచ్చి లేబుల్ చదవండి. 5 ఎం.ఎల్.కి 125 అని ఉందా, 250 అని ఉందా?" ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి, చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన 250ది 5 ఎం.ఎల్. ఇమ్మన్నారు, మళ్ళీ ఇవ్వాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలన్నారు. మెఫ్తాల్, బ్రూఫెన్ లాంటి వేరే జ్వరం మందులు ముట్టుకోవద్దన్నారు. వానాకాలం, దోమలు, డెంగీ కాదని తేలేదాకా వాటి జోలికి వెళ్ళకూడదట. ఈలోపు పక్కింటి పిన్నిగారు మెఫ్తాల్ సీసా పట్టుకుని గుమ్మంలోకి రానే వచ్చారు, పాపం మంచి మనసుతోనే.

ఆ తర్వాత చేయమన్న పని ఊపిరి లెక్కపెట్టడం. వాడు నిద్రపోతుండగా చొక్కా పైకి తీసి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా నిమిషం పాటు చూడాలి. ఐదేళ్ళు దాటిన పిల్లలకి 30 దాటకూడదు. డొక్కలు లోపలికి లాగుతున్నాయేమో కూడా చూడాలి. ఆక్సీమీటరు ఉందన్నాను గానీ పెద్దవాళ్ళకి చేసిన క్లిప్పు ఆ చిట్టి వేలికి ఎక్కడ నిలబడుతుంది? ఓసారి 88 చూపించింది, నా ప్రాణం పోయింది. బొటనవేలికి మార్చి, చెయ్యి వెచ్చగా రుద్ది పెడితే 98. పొట్ట లెక్కపెడితే 26 వచ్చింది. అది చెబితే డాక్టరమ్మ "బావుంది" అన్నారు. జ్వరం దిగినప్పుడు ఆడుకుంటున్నాడా, ఒంటేలుకి వెళ్తున్నాడా అని అడిగారు. రెండూ జరుగుతున్నాయి. వినాయకుడి ఎలుకకి ఉండ్రాయి పెడతానని మారాం కూడా చేస్తున్నాడు.

"మరి కోవిడ్ టెస్టు?" అని నేనే అడిగాను.

"చేయించినా చేయించకపోయినా ఇప్పటికైతే నేను రాసే మందు మారదమ్మా. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఉన్నారు. మా అత్తగారు, అరవై దాటి చాలా ఏళ్ళయింది, షుగరు. టీకా అంటే భయపడి మార్చి నుంచీ వాయిదా వేస్తూ వచ్చి, జూన్ 20న రాష్ట్రమంతా పెట్టిన మెగా డ్రైవ్‌లో మొదటి కోవిషీల్డ్ వేయించుకున్నారు. రెండో డోసుకి 84 రోజుల గడువు. వేళ్ళు మడిచి లెక్కేస్తే సరిగ్గా ఆ ఆదివారమే నిండుతోంది. సోమవారం వార్డు సచివాలయానికి రమ్మని అక్కడి నర్సమ్మ, ఏఎన్ఎం, అప్పటికే చెప్పి ఉంచింది. ఈలోపు కోవిడ్ తగిలితే కోలుకున్నాక మూడు నెలల దాకా టీకా వెయ్యరు, అప్పటి నిబంధన అది. పైగా మా వాడు పడుకునేదే మామ్మ దగ్గర, కాలు ఆవిడ పొట్ట మీద వేసి.

ఇంట్లో రెండు గదులు, ఒకటే బాత్రూమ్. అనుమానంతో ఆవిణ్ణి వేరే గదిలో ఉండమంటే ససేమిరా అన్నారు. "వాడికి ఒంట్లో బాగోకపోతే నేను దూరంగా ఉండటమేంటి, చోద్యం కాకపోతే! చినుకుల్లో తడిశాడు, పడిశం పట్టింది. పసివాడి ముక్కులో పుల్లలు పొడిపిస్తే ఊరుకోను." ఆవిడ భయం పుల్ల గురించి ఒక్కటే కాదు. 2020లో మా వీధిలో ఒకరికి పాజిటివ్ వస్తే రెండు వైపులా సరుగుడు కర్రలు కట్టేశారు, పాలవాడు కూడా కర్రల అవతల నిలబడి గిన్నెలో పోసేవాడు. అప్పటికి ఆ కర్రలు పోయి చాన్నాళ్ళయింది గానీ ఆవిడ మనసులోంచి పోలేదు.

మా ఆయన వాదన మొదట్లోనే చెప్పాను. దానికి ఇంకో ముక్క కూడా ఉంది. నెగటివ్ వచ్చినా నమ్మకమేముంది, మేలో తనకి మొదట ర్యాపిడ్‌లో నెగటివ్ అనే వచ్చింది, ఆర్టీపీసీఆర్‌లో గానీ బయటపడలేదు. తప్పేముంది అందులో? అందుకే లక్షణాలున్నవాళ్ళకి ర్యాపిడ్‌లో నెగటివ్ వస్తే మళ్ళీ ఆర్టీపీసీఆర్ చేయాలని ఐసీఎంఆర్ అప్పట్లో చెబుతూనే ఉండేది.

మూడోది నా ఉద్యోగం. చవితి, రెండో శనివారం, ఆదివారం, వరసగా మూడు సెలవుల తర్వాత సోమవారం బ్యాంకు తెరుస్తారు. కౌంటర్ ముందు జాతర. మేనేజరుకి ఫోన్ చేసి సంగతి చెబితే "రిపోర్టు ఉంటే క్వారంటైన్ లీవు పెట్టుకోండి, లేకపోతే ఇబ్బందమ్మా, వచ్చేయండి" అన్నారు. పిల్లాడి జ్వరానికి విలువ లేదు, కాగితానికి ఉంది. గాజు కిటికీకి అవతల నిలబడేవాళ్ళలో సగం మంది పెన్షనర్లు, మాస్కు గడ్డానికి దించి "అమ్మా, పాస్‌బుక్" అంటారు.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఒక డిపాజిట్ స్లిప్పు వెనక్కి తిప్పి గీత గీశాను. ఇటు పాజిటివ్ వస్తే ఏం చేస్తాం, అటు నెగటివ్ వస్తే ఏం చేస్తాం. మా వాడి పేరు ఎదురుగా రెండు వైపులా ఒకటే రాశాను: సిరప్, నీళ్ళు, ఊపిరి లెక్క, కడుపునొప్పి, వాంతులు గమనించడం. మా ఆయన నెగ్గినట్టే. కింద అత్తగారి పేరు రాశాను, అక్కడ రెండు వైపులా వేరు వేరు. నా పేరు, వేరు. బళ్ళో పక్కన కూర్చునే పిల్లలు, వేరు. ఇంటికి వచ్చే పనమ్మాయి, వాళ్ళింట్లో నెలల పిల్ల ఉంది, వేరు. టెస్టు వాడి కోసమా కాదా అని పొద్దున్నుంచీ తగువులాడుకుంటున్నాం, వాడి కోసం కాదని అందరం ఒప్పుకుంటే తగువే లేదు. స్లిప్పు మా ఆయనకి చూపించాను. చదివి, "సరే, రేపు తీసుకెళ్దాం" అన్నారు. అత్తగారికి చూపించలేదు.

సోమవారం దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు రాసుకున్నారు. శాంపిల్ తీసే అబ్బాయి ఫేస్ షీల్డు వెనకాల చెమటతో తడిసిపోయి ఉన్నాడు, అయినా ఓపిగ్గా చెప్పాడు. పిల్లాణ్ణి మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, కాళ్ళు మీ కాళ్ళ మధ్య ఇరికించండి, ఒక చెయ్యి వాడి రెండు చేతుల మీదుగా, ఇంకో చెయ్యి నుదుటి మీద, తల మీ గుండెకి ఆనించి పెట్టండి. "గట్టిగా పట్టుకోండి మేడం, కదిలితేనే దెబ్బ తగిలేది." సన్నటి పుల్ల ముక్కులోకి వెళ్ళి, తిరిగి, బయటికొచ్చింది. పది అంకెలు లెక్కపెట్టేలోపే అయిపోయింది. మా వాడు కెవ్వుమన్నాడు, కళ్ళ నీళ్ళు నా చేతి మీద కారాయి. మరుక్షణంలో ఏడుపు ఆపి, ఆ పుల్లని ముంచిన ట్యూబు కేసి చూసి "రోజ్ మిల్కా?" అన్నాడు. లోపలి నీళ్ళు నిజంగానే గులాబీ రంగులో ఉన్నాయి. ఆ షీల్డు వెనక అబ్బాయి నవ్వడం అప్పుడే చూశాను.

అదే రోజు సాయంత్రం ల్యాబులో రక్తం కూడా ఇచ్చాం, రక్తకణాల లెక్క చూసే సీబీపీకి, డెంగీ ఎన్ఎస్1 పరీక్షకి. ఆ ఎన్ఎస్1 జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపే పనికొస్తుందట, తర్వాతైతే ఐజీఎం అనే ఇంకో పరీక్ష చూడాలట. డెంగీ లేదు, ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి.

మంగళవారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. పాజిటివ్.

నేను ఏడుస్తానని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం ఎవరో పని చెప్పినట్టనిపించింది. నేనూ వాడూ లోపలి గదిలో, మా ఆయన వంటింట్లో. అత్తగారు ఆ మెసేజ్‌ని కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, మాట్లాడకుండా చాప, దిండు, మందుల డబ్బా తీసుకుని మేడ మీద ఖాళీ గదిలోకి వెళ్ళిపోయారు. రెండు రోజులు నేను బతిమాలినా జరగని పని అది. వాలంటీరు, ఏఎన్ఎం వచ్చి మందుల కిట్టు ఇచ్చి వెళ్ళారు. ఎవరూ కర్రలు కట్టలేదు. మా వాడికి బుధవారానికే జ్వరం దిగిపోయింది, ఆ గదిలో వాణ్ణి కూర్చోబెట్టడమే అసలు రోగం. అత్తగారికి తర్వాత చేసిన టెస్టులో నెగటివ్. రెండో డోసు కాస్త ఆలస్యంగా అక్టోబరులో వేయించుకున్నారు. ఆవిడ లెక్కలో అదంతా ఉప్పు తిప్పిన మహిమ.

బడి వాట్సాప్ గ్రూపులో సంగతి పెట్టాను. ఒకావిడ "ముందే ఎందుకు చెప్పలేదు" అని కేకలేసింది, ఇంకొకావిడ "ఎందుకు చెప్పారు, ఇప్పుడు బడి మూసేస్తారు" అంది. వాళ్ళిద్దరికీ నేనేం జవాబు చెప్పలేదు.

మందు ఒకటే కదా అన్న వాదనలో ఒక చిల్లు అక్టోబరులో కనబడింది. దసరాల్లో మా వాడికి మళ్ళీ జ్వరం, కడుపునొప్పి, కళ్ళు ఎర్రగా. తీసుకెళ్ళగానే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "గత ఆరు వారాల్లో కోవిడ్ వచ్చిందా?" అని. కోవిడ్ తగ్గిన రెండు నుంచి ఆరు వారాల్లో కొందరు పిల్లలకి ఒంట్లో పలు అవయవాల్లో వాపు తెచ్చే ఎంఐఎస్-సి అనే జబ్బు వస్తుందట. అరుదే గానీ, వస్తే ఆలస్యం చేయకూడదట. ఫైల్లోంచి రిపోర్టు తీసి ఇచ్చాను. ఒంట్లో అలాంటి వాపు ఉందేమో చూసే సీఆర్పీ అనే రక్త పరీక్ష రాశారు, అది మామూలుగా వచ్చింది, మామూలు వైరల్ జ్వరం అలాగే పోయింది. టెస్టు చేయించి ఉండకపోతే ఆవిడ ప్రశ్నకి "ఏమో" అనేదాన్ని.

ఇక 2022 జనవరి. సంక్రాంతి అయిన వెంటనే ఇంటిల్లిపాదికీ జలుబు, దగ్గు, జ్వరం, ఒకరి తర్వాత ఒకరు. ఊరంతా ఒమిక్రాన్ గోల. ఈసారి టెస్టు చేయిద్దామని మా ఆయనే అన్నారు, నేను వద్దన్నాను.

"అప్పుడంత పట్టుబట్టి ఇప్పుడు వద్దంటావేంటి?"

"అప్పుడు అత్తయ్యగారు పక్క మంచం మీద ఉన్నారు. ఇప్పుడు రెండు డోసులు వేసుకుని అమలాపురంలో వదినగారింట్లో ఉన్నారు. మనం ముగ్గురం ఎలాగూ గడప దాటట్లేదు. స్లిప్పు గీసి చూడండి, రెండు వైపులా ఒకటే వస్తుంది."

ఆయనకి నచ్చలేదు. మందుల షాపుకి ఫోన్ చేసి, ఇంట్లో చేసుకునే 250 రూపాయల కిట్టు గుమ్మం దగ్గర పెట్టించుకుని, ముక్కులో తనే తిప్పుకున్నారు. ఒకటే గీత వచ్చింది. "చూశావా, నాకేం లేదు" అన్నారు, దగ్గుతూ.