రైలు ఎక్కడుందో ఎంత గట్టిగా చెప్పగలం? ట్రైన్ కంట్రోల్ పేపర్‌కి నేను చదివిన పద్ధతి

ట్రైన్ కంట్రోల్ (రైళ్లు ఢీకొనకుండా, వేగం దాటకుండా చూసే సిస్టమ్‌ల సబ్జెక్టు) పుస్తకం తెరవగానే మీద పడేవి పొట్టి పేర్లు: ఏటీపీ, ఏటీఓ, ఏటీఎస్, సీబీటీసీ, ఈటీసీఎస్. వాటి పూర్తి రూపాలు బట్టీ పట్టడంతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టేయండి, చదువుతుంటే అవే నోటికొస్తాయి. నేను ప్రతి చాప్టర్‌నీ ఒకే ప్రశ్న పట్టుకుని చదివాను. రైలు ఫలానా చోట ఉందని సిస్టమ్ చెబుతోంది సరే, ఆ మాటలో ఎన్ని మీటర్ల అనుమానం ఉంది? బ్రేకింగ్ కర్వ్ (ఆగాలంటే ఎక్కడ ఎంత వేగం ఉండాలో చెప్పే గీత), మూవింగ్ బ్లాక్, ఆక్సిల్ కౌంటర్ (పట్టా పక్కనుండి ఇరుసులు లెక్కపెట్టే పరికరం), చివరికి డ్రైవర్ లేని రైలు దాకా అన్నీ ఇక్కడికే వచ్చి ఆగుతాయి. అందుకే అందరూ పైపైన చూసి వదిలేసే పొజిషనింగ్ చాప్టర్‌కే నేను ఎక్కువ టైమ్ ఇచ్చాను.

రైలు తన దూరాన్ని ప్రధానంగా చక్రం తిరిగిన లెక్కతో కొలుచుకుంటుంది. చక్రం అరుగుతుంది. కంప్యూటర్‌లో వ్యాసం 860 మిల్లీమీటర్లని ఉండి, అసలు చక్రం 850కి అరిగిపోయి ఉందనుకోండి. కంప్యూటర్ కిలోమీటరు వచ్చేశామనుకునే సమయానికి రైలు నిజంగా వచ్చింది 988 మీటర్లే. ఇది మెల్లగా పెరిగే తప్పు. దీనికి తోడు జారుడు. బ్రేక్ వేసినప్పుడు చక్రం పట్టుకుపోయి పట్టా మీద జారితే, చక్రం తక్కువ తిరుగుతుంది, రైలు మాత్రం పోతూనే ఉంటుంది. అంటే లెక్కలో వెనక, నిజంలో ముందు. స్పీడందుకునేటప్పుడు పట్టు దొరక్క చక్రం ఊరికే గిర్రున తిరిగితే దీనికి సరిగ్గా ఉల్టా: లెక్కలో ముందు, నిజంలో వెనక. అందుకే చక్రం ఒక్కదాన్నే నమ్మకుండా నేల మీద నుంచి తిరిగొచ్చే తరంగాలతో వేగం కొలిచే డాప్లర్ రాడార్, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్ కూడా కలుపుతారు.

ఎంత కలిపినా తప్పు పేరుకుంటూనే ఉంటుంది. దాన్ని కడిగేయడానికి పట్టాల మధ్య బాలిస్‌లు, అంటే రైలుకి దాని చోటు చెప్పే మైలురాళ్లలాంటి పరికరాలు పెడతారు. యూరప్ ప్రమాణం బాలిస్ అయిన యూరోబాలిస్‌కి సొంత కరెంటు అక్కర్లేదు. పైనుంచి వెళ్లే రైలు యాంటెనా 27.095 మెగాహెర్ట్జ్‌లో పంపే శక్తితోనే అది మేలుకుని, 4.234 మెగాహెర్ట్జ్‌లో తన టెలిగ్రామ్ (సందేశం) తిరిగి పంపుతుంది. టెలిగ్రామ్ సైజు 341 బిట్లు లేదా 1023 బిట్లు. ఈ నాలుగు అంకెలూ ఆబ్జెక్టివ్ పేపర్‌కి ముఖ్యం, వీటిని మాత్రం బట్టీ పట్టాల్సిందే. మన రైల్వేల ఏటీపీ అయిన కవచ్‌లో ఈ పని ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు చేస్తాయి.

యూరప్ ట్రైన్ కంట్రోల్ ప్రమాణమైన ఈటీసీఎస్ స్పెసిఫికేషన్ ప్రకారం దూరం కొలతలో అనుమతించే తేడా 5 మీటర్లు, దానిపైన ప్రయాణించిన దూరంలో 5 శాతం. బాలిస్ దాటి 800 మీటర్లు వచ్చిన రైలుకి 5 ప్లస్ 40, అంటే అటూ ఇటూ 45 మీటర్లు. కాబట్టి కంప్యూటర్ దృష్టిలో రైలు ముందు భాగం ఒక బిందువు కాదు, 90 మీటర్ల పట్టీ. బాలిస్ దగ్గర కుదించుకుపోయి, ముందుకెళ్లేకొద్దీ సాగుతుంది. ఈ బొమ్మ ఒక్కసారి చేత్తో గీసుకోండి. ఆ తర్వాత చదివేదంతా తేలికవుతుంది.

నా పేపర్లో వచ్చిన ప్రశ్న ఈ బొమ్మ మీదే: జారుడు, ఊరికే తిరగడం, ఈ రెండింటిలో ఏది ప్రమాదం? రెండూ, కాకపోతే వేర్వేరు రైళ్లకి. బ్రేక్‌లో జారితే రైలు తను అనుకున్నదానికంటే ముందుంటుంది, కాబట్టి తన ముందున్న అడ్డంకికి దగ్గరవుతుంది. ఊరికే తిరిగితే దాని తోక అనుకున్నదానికంటే వెనకుంటుంది, వెనకాల వచ్చే రైలుకి లేని ఖాళీ ఉన్నట్టు చూపిస్తుంది. పైన చెప్పిన అరిగిన చక్రం కూడా ఈ రెండో కోవకే చెందుతుంది. అందుకే తన బ్రేకింగ్ లెక్కకి పట్టీలో అన్నిటికన్నా ముందున్న చివరను, వెనక రైలుకి చెప్పడానికి అన్నిటికన్నా వెనకున్న చివరను తీసుకుంటారు. చాలామంది ఒక్క వైపే రాసి వచ్చారు.

లెక్కల్లో కూడా ఇదే పట్టీ కలపాలి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు. బ్రేక్ రేటు 1.0 (వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1 మీటరు చొప్పున తగ్గడం) అయితే ఆగడానికి 247 మీటర్లు. ట్రాక్ 1 శాతం పల్లంగా ఉంటే గురుత్వాకర్షణ దాదాపు 0.1 తినేస్తుంది, రేటు 0.9కి దిగి దూరం 274 అవుతుంది. బ్రేక్ పట్టడానికి 2 సెకన్లు పడితే ఇంకో 44. పొజిషన్ అనుమానం 45. మొత్తం 363. ఇక్కడ బ్రేక్ రేటు అంటే సగటు కాదు, తడి పట్టా మీద కూడా ఖాయంగా దొరికే రేటు. ప్రశ్నలో రెండు రేట్లు ఇచ్చి తికమక పెడతారు, ఎప్పుడూ చిన్నదే తీసుకోండి.

ఫిక్స్‌డ్ బ్లాక్ (ట్రాక్‌ని ముక్కలు చేసి ముక్కకి ఒకే రైలు), మూవింగ్ బ్లాక్ (ముందు రైలు తోకని బట్టి జరిగే ఖాళీ) తేడాలు అన్ని నోట్సుల్లోనూ ఉంటాయి. ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. పట్టాల్లో కరెంటు పంపి రైలుని పసిగట్టే ట్రాక్ సర్క్యూట్‌లో రైలును నేల చూస్తుంది, మూవింగ్ బ్లాక్‌లో రైలే తన సంగతి రేడియోలో తను చెప్పుకుంటుంది. మరి ఆ రైలు తోక తెగి ఒక వ్యాగన్ వెనకే ఉండిపోతే? మెట్రో సెట్‌లో ఆ సంగతి తెలుసుకోవడం సులువు, గూడ్స్‌లో కష్టం. రేడియో పోయిన రైలు విషయంలోనూ ఇదే చిక్కు. అందుకే మూవింగ్ బ్లాక్ ఉన్న చాలా లైన్లలో ఆక్సిల్ కౌంటర్లు ఇంకా కనిపిస్తాయి.

ఫెయిల్ సేఫ్ (చెడినా సురక్షితమైన వైపే చెడటం) అన్న మాటకి మంచి ఉదాహరణ విలియం రాబిన్‌సన్ 1872లో పేటెంట్ పొందిన ట్రాక్ సర్క్యూటే. పట్టాల్లో కరెంటు నడుస్తూ ఉంటేనే రిలే (కరెంటుతో లేచే స్విచ్) పైకి లేచి ఉంటుంది, అంటే లైను ఖాళీ. రైలొచ్చినా, వైరు తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా రిలే తన బరువుకి తనే కింద పడుతుంది, లైను నిండినట్టు చూపిస్తుంది. ఆక్సిల్ కౌంటర్‌కి విరిగిన పట్టా కనబడదు, ఈ పోలిక తప్పక రాయండి.

అయితే ఇక్కడితో ఆగితే ఇంటర్వ్యూలో దొరికిపోతారు. 2009 జూన్ 22న వాషింగ్టన్ మెట్రోలో ఫోర్ట్ టోటెన్ దగ్గర ఆగివున్న రైలుని ఇంకో రైలు ఢీకొట్టి తొమ్మిది మంది చనిపోయారు. వెనక రైలు ఆటోమేటిక్ మోడ్‌లోనే ఉంది. ట్రాక్ సర్క్యూట్ పరికరంలో పుట్టిన దొంగ సిగ్నల్ అసలు సిగ్నల్‌లాగే రిసీవర్‌కి చేరడంతో, రైలున్న చోటు ఖాళీగా కనబడింది. రిలే ఎటు పడుతుందో ఆలోచిస్తే సరిపోదు, దాన్ని పైకి లేపి పట్టుకోగలిగిన ఇతర దారులేమిటో కూడా ఆలోచించాలి. ఇంకోటి వేల్స్‌లోని కేంబ్రియన్ కోస్ట్ లైన్, 2017 అక్టోబర్ 20. సిగ్నలింగ్ కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక తాత్కాలిక వేగ పరిమితుల డేటా రైళ్లకి వెళ్లలేదు. సిగ్నలర్ స్క్రీన్ మీద మాత్రం అవి ఉన్నట్టే కనిపించాయి. గంటకు 30 కిలోమీటర్లు ఉండాల్సిన చోట ఒక రైలు దాదాపు 80లో పోయింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. సాఫ్ట్‌వేర్ సేఫ్టీ మీద వ్యాసం వస్తే ఈ ఒక్క ఉదాహరణతో రెండు పేజీలు రాయొచ్చు.

భద్రతా స్థాయిల్లో అన్నిటికన్నా పైదైన సిల్ 4 గురించి క్లుప్తంగా: ఒక ఫంక్షన్ ప్రమాదకరంగా ఫెయిలవడం 10 కోట్ల గంటలకు ఒకసారి కంటే తక్కువగా ఉండాలి. 10 కోట్ల గంటలంటే 11 వేల ఏళ్ల పైమాటే. రెండు కంప్యూటర్లు ఒకే మాట చెబితేనే ముందుకు అనే పద్ధతిలో భద్రత ఉంటుంది, కానీ ఒకటి చెడితే రైలు నిలిచిపోతుంది. మూడింట్లో రెండు ఒప్పుకుంటే చాలనే పద్ధతిలో భద్రతతో పాటు సర్వీసు కూడా సాగుతుంది. ఈ కారణం రాయకుండా బొమ్మ గీస్తే మార్కులు రావు.

ఏటీఓ రైలును నడుపుతుంది, ఏటీపీ కాపలా కాస్తుంది. ప్లాట్‌ఫాం తలుపులకి ఎదురుగా ఆపడం ఏటీఓ నైపుణ్యం, అది తప్పితే ప్రయాణికులకి విసుగు. పరిమితి దాటనివ్వకపోవడం ఏటీపీ బాధ్యత, అది తప్పితే ప్రాణాలు. 1968లో మొదలైన లండన్ విక్టోరియా లైన్‌లో రైలు తనే నడిచినా తలుపులు వేసి స్టార్ట్ బటన్ నొక్కడానికి మనిషి ఉండేవాడు, ఇప్పటి లెక్కలో అది జీఓఏ (ఆటోమేషన్ గ్రేడు) 2. 1983 నాటి లిల్ మెట్రోలో రైలెక్కే సిబ్బందే లేరు, అది జీఓఏ 4. జీఓఏ పట్టికను గ్రేడుల వారీగా కాకుండా పనుల వారీగా గుర్తుపెట్టుకోండి: బయల్దేరడం, ఆపడం, తలుపులు, ఎమర్జెన్సీ. ఒక్కో పని ఏ గ్రేడులో మనిషి చేతిలోంచి జారిపోతుందో చూస్తే చాలు.

ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన ప్రశ్న: "రాత్రంతా కరెంటు తీసేసిన జీఓఏ 4 రైలు పొద్దున మేలుకుంది. అది ఎక్కడుంది?" ఆపినప్పటి పొజిషన్ మెమరీలో ఉంటుంది కదా అన్నాను. మరి రాత్రి ఎవరైనా దాన్ని షంటింగ్ చేసుంటే అన్నారు. కరెంటు లేనప్పుడు కూడా కదలికను పసిగట్టే కోల్డ్ మూవ్‌మెంట్ డిటెక్షన్ ఉండి, అది కదల్లేదని ధ్రువీకరిస్తేనే పాత పొజిషన్ వాడుకోవచ్చు, లేదంటే పరిమిత వేగంతో కదిలి బాలిస్‌లు చదివేదాకా రైలుకి తన చోటు తెలియనట్టే లెక్క అని చెప్పాను. ఒక్క బాలిస్ చదివితే చాలదా అని వెంటనే ఇంకో ప్రశ్న. ఒక్కటి చదివితే చోటు తెలుస్తుంది గానీ ఏ దిక్కుకి పోతోందో తెలియదు, అందుకే వాటిని జంటగా పెడతారు.