క్వీన్స్‌లో తంగేడు దొరకదు

ఎంగిలిపూల నాడు హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఆడుతున్నానన్న మాటే గానీ, మనసంతా పోయినేడు న్యూయార్క్‌లో బిడ్డ ఇంట్లో పేర్చిన బతుకమ్మ మీదే. వాళ్లుండేది క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్. తంగేడు లేదు, గునుగు లేదు. రూజ్‌వెల్ట్ అవెన్యూలో, నెత్తి మీద ఏడో నంబర్ రైలు దడదడమంటుంటే, స్పానిష్ మాట్లాడే పూలామె దగ్గర బంతిపూలు కొన్నాం. బేరమంతా వేళ్లతోనే! గౌరమ్మకు పసుపు బంగ్లాదేశీ కొట్లో దొరికింది.

కింది వాటా నేపాలీ అమ్మాయి కూడా వచ్చింది. తిహార్‌కు, అంటే వాళ్ల దీపావళికి, వాళ్లూ బంతిపూల దండలే కడతారు. ఆమెకు వచ్చింది ‘ఉయ్యాలో’ ఒక్కటే, అయినా మా మనవరాలి కంటే గట్టిగా పాడింది. మనవరాలికి సిగ్గు మరి. చివరికి బతుకమ్మను టబ్‌లో వదిలాం. నాకైతే మనసొప్పలేదు.

నిన్న బిడ్డ ఫొటో పంపింది. ఈ ఏటి బతుకమ్మ కాస్త వంకరగా ఉంది. పేర్చింది మనవరాలట.