రయోడసైట్ దిండ్లతో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు

పిల్లో లావా, అంటే నీళ్లలో దిండ్ల ఆకారంలో గడ్డకట్టిన లావా, అనగానే మనవైపు జియాలజీ విద్యార్థులకు గుర్తొచ్చేది కర్ణాటకలో చిత్రదుర్గ దగ్గరున్న మరడిహళ్లి. కాలేజీ టూర్‌లో నేనూ చూశాను. అదంతా బసాల్ట్ అనే లావా రాయి. అందులో సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) 50 శాతం దగ్గరే ఉంటుంది కాబట్టి లావా పల్చగా పారి, నీళ్లలో దిండ్లు దిండ్లుగా గడ్డకడుతుంది. కానీ సిలికా 70 శాతం దాకా ఉండి, మామూలుగా బసాల్ట్ కంటే లక్షల రెట్లు చిక్కగా ఉండే లావా కూడా అలాగే దిండ్లు కడుతుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకే యూకేలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు ప్రాజెక్టుకి నైరుతి వేల్స్‌లోని ఫిష్‌గార్డ్ శిలల్నే పట్టుకున్నాను. అవి సుమారు 46 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పుట్టినవి. వాటిలో రయోడసైట్ (ఇలా సిలికా ఎక్కువున్న లావా రాయి) దిండ్లున్నాయని బెవిన్స్, రోచ్ అనే జియాలజిస్టులు 1979లోనే రాశారు.

ముందు అనుమతుల పని. అదంతా సంరక్షిత తీరం, ఇష్టమొచ్చినచోట సుత్తి వేయడానికి లేదు. ఎక్కడెక్కడ ఎంత రాయి తీస్తానో రాసిచ్చి, సరే అన్నాకే వెళ్లాను. అక్కడ సముద్రంలోకి పొడుచుకొచ్చిన స్ట్రంబుల్ హెడ్ చుట్టూ ఉన్నది బసాల్ట్, దాని దిండ్లు ఎవరికైనా కనిపిస్తాయి. నాకు కావాల్సినవి దానికి కింది పొరలో, పోర్త్ మైన్ మెలిన్ వైపు ఉన్నాయి. గాలి, వాన, జారే కొండ అంచులు, ఒక్కరే వెళ్లొద్దని గట్టిగా చెప్తాను.

గుండ్రంగా ఉన్నదల్లా దిండు కాదు. చిక్కటి లావా నీళ్లలో పడితే ఎక్కువసార్లు పగిలి ముక్కల గుట్ట అవుతుంది, దాన్నే హయాలోక్లాస్టైట్ అంటారు, ఆ గుట్టలోనూ గుండ్రటి ముక్కలు ఉంటాయి. అందుకని ప్రతిదాని దగ్గరా ఒకే రకంగా చూసుకుంటూ పోయాను: చుట్టూ త్వరగా చల్లారిన సన్నటి అంచు ఉందా, లోపలి చారలు ఆ అంచు వెంబడే తిరుగుతున్నాయా, పై దిండు అడుగుభాగం కింది దిండ్ల సందులోకి దిగి కూర్చుందా? ఈ చివరిది నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం, ఎందుకంటే ఒకదానిమీద ఇంకోటి వాలే సమయానికి లోపల ఇంకా మెత్తగా ఉందని అది చెప్తుంది, విరిగిన ముక్కలు అలా ఒదగలేవు.

ఆకారం తేలాక అసలు టెన్షన్ కెమిస్ట్రీ దగ్గర మొదలైంది. వేడి సముద్రపు నీళ్లు రాళ్లలోంచి తిరిగినప్పుడు సిలికాని ఒకచోట తీసి ఇంకోచోట వేస్తాయి, కాబట్టి బసాల్ట్ దిండే తర్వాత సిలికా పట్టి ఇలా కనిపించవచ్చు. సిలికా శాతం ఒక్కటే చూపించి వాదిస్తే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అందుకే ఎక్స్‌రేలతో రాయిలోని మూలకాల్ని కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో జిర్కోనియం, టైటానియం, నియోబియం, యిట్రియం చూశాను, ఇవి అంత సులువుగా కదలవు. ఇలాంటి మూలకాలతో రాయి రకం తేల్చడానికి వించెస్టర్, ఫ్లాయిడ్ 1977లో ఇచ్చిన గ్రాఫ్‌లో వేస్తే నా శాంపిల్స్ రయోడసైట్ గడిలోనే పడ్డాయి. ఆ రోజు ల్యాబ్‌లోంచి బయటికి వచ్చినప్పటి సంతోషం చెప్పలేను.

మరి అంత చిక్కటి లావా దిండు ఎలా కట్టింది? జిగట సిలికా ఒక్కదాని మీదే ఆధారపడదు. సిలికా అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లడం వల్ల లావా చిక్కబడుతుంది, అందులో కరిగిన నీరు ఆ వలని తెంపుతుంది. నేలమీదైతే ఆ నీరు ఆవిరై పోతుంది, కానీ సముద్రం లోతున పైనున్న నీటి బరువు దాన్ని బయటికి పోనివ్వదు. దానికి తోడు లావా వేడి మామూలు కంటే ఎక్కువుండి, బయటికి నెమ్మదిగా వస్తే, పాకం పట్టేటప్పుడు పళ్లెంలో నీళ్లలో వేసిన చుక్క చెదరకుండా ఉండ కట్టినట్టు, పైన పొర కట్టి లోపల మెత్తగా నిలుస్తుంది. వెనక నుంచి కొత్త లావా తోస్తే ఆ పొర చీలి పక్కన ఇంకో దిండు పొడుచుకొస్తుంది. జిగట పెరిగేకొద్దీ దిండ్ల సైజు కూడా పెరుగుతుంది, అందుకే సిలికా ఎక్కువున్న చోట దిండు అనాలో లోబ్ (పెద్ద లావా ముద్ద) అనాలో తేల్చడానికి వాదనలు నడుస్తుంటాయి.

వైవాలో అడిగిన ప్రశ్న ఒక్కటే ఇబ్బంది పెట్టింది: వేడి ఎంత కారణం, కరిగిన నీరు ఎంత కారణం? మైక్రోస్కోప్ కింద చూసే పల్చటి రాతి ముక్కల్లో (థిన్ సెక్షన్లు) లావా త్వరగా చల్లారినప్పుడు ఏర్పడిన అప్పటి గాజు ఎక్కడా మిగల్లేదు, అంతా క్లోరైట్‌గా, క్వార్ట్జ్‌గా, ఫెల్డ్‌స్పార్‌గా మారిపోయింది, ఇప్పుడు అందులో కొలిచే నీరు తర్వాత చేరింది. కాబట్టి ఈ రాళ్ల నుంచి ఆ లెక్క నేరుగా తీయలేమని, గాజు చెడకుండా మిగిలిన కొత్త సముద్రగర్భ లావాల్లో వెతకాలని చెప్పాను. థీసిస్‌లోనూ అదే రాశాను.